జీటీఎక్స్ 1060, ఆర్‌ఎక్స్ 480: తొమ్మిదేళ్లు నలిగిన పోలిక

ఎన్విడియా జీటీఎక్స్ 1060, ఏఎండీ ఆర్‌ఎక్స్ 480 అనే రెండు గ్రాఫిక్స్ కార్డులు 2016లో మూడు వారాలైనా తేడా లేకుండా బజారులోకి వచ్చాయి. ఆర్‌ఎక్స్ 480 జూన్ 29న, జీటీఎక్స్ 1060 జూలై 19న. రెండూ ఒకే కొనుగోలుదారుణ్ని ఉద్దేశించినవి. 1080పీ తెర, మధ్యతరగతి బడ్జెట్, మూడు నాలుగేళ్లకి ఒకసారి మాత్రమే కార్డు మార్చే అలవాటు అతనివి. ఆటల్లో ఏది వేగం, పెట్టిన డబ్బుకి ఏది గిట్టుబాటు అన్న ప్రశ్న ఆ నెలలోనే మొదలైంది. రెండు కార్డులకీ కొత్త ఆటల డ్రైవర్లు ఆగిపోయేదాకా, అంటే 2025 దాకా, అది సాగింది.

ఇన్నాళ్లు సాగడానికి రెండింటి పనితనం దగ్గర దగ్గరగా ఉండటం ఒక్కటే కారణం కాదు. ప్రశ్న ఒకటే అయినా అందులోని ‘విలువ’ని ఒక్కొక్కరు ఒక్కో తేదీ నాటి లెక్కతో చూశారు. కొందరిది కొన్న రోజు లెక్క. మరికొందరిది మూడేళ్ల తర్వాతి లెక్క. ఇంకొందరు కార్డు అమ్మేసే రోజున చేతికొచ్చే డబ్బు కూడా కలుపుకున్నారు. తేదీ మారితే జవాబూ మారే చోట తగువు తెగదు.

అంతకు ముందు పరిస్థితి

2016కి ముందు నాలుగేళ్లకి పైగా గ్రాఫిక్స్ చిప్‌లు 28 నానోమీటర్ల దగ్గరే ఆగిపోయాయి. 2011 చివర్లో ఏఎండీ ప్రకటించిన హెచ్‌డీ 7970 ఆ తరానికి మొదటిది. 2014 సెప్టెంబరులో వచ్చిన జీటీఎక్స్ 970 కూడా అదే 28 నానోమీటర్లలో తయారైంది. 329 డాలర్ల ఆ కార్డు బాగా అమ్ముడుపోయింది. అయితే దాని 4 గిగాబైట్ల మెమరీలో చివరి అరగిగాబైటు మిగతా దానికన్నా బాగా నెమ్మది అని 2015 జనవరిలో బయటపడింది. పెట్టె మీది అంకెని యథాతథంగా నమ్మకూడదన్న జాగ్రత్త కొనుగోలుదారుల్లో అప్పుడే బలపడింది. తర్వాతి చర్చల్లో మెమరీ మాట ఎత్తగానే గొంతులు లేవడానికి ఈ అనుభవమూ ఒక కారణం.

2016లో తయారీ ఒక్కసారిగా ముందుకి దూకింది. ఎన్విడియా తైవాన్‌కి చెందిన టీఎస్‌ఎంసీ వద్ద 16 నానోమీటర్లకి, ఏఎండీ గ్లోబల్‌ఫౌండ్రీస్ వద్ద 14 నానోమీటర్లకి మారాయి. ఎన్విడియా పైనుంచి కిందికి వచ్చింది. మే నెలలో జీటీఎక్స్ 1080తో మొదలుపెట్టి, 1070 తర్వాత 1060కి దిగింది. ఏఎండీ తిరగేసి నడిచింది. పైమెట్టు చిప్ వేగా 2017 ఆగస్టు వరకు రాలేదు. 4 గిగాబైట్ల ఆర్‌ఎక్స్ 480ని 199 డాలర్లకి ఇస్తామని చెప్పి, ముందు సామాన్యుడి బజారుని పట్టాలనుకుంది. ఆర్‌ఎక్స్ 480 అమ్మకాలు మొదలైన ఎనిమిది రోజులకి, జూలై 7న, ఎన్విడియా 1060ని ప్రకటించింది. తొందరపడకుండా ఇంకో రెండు వారాలు ఆగమని కొనేవాళ్లకి అది సూచన.

రెండు చిప్‌లు, కాగితం మీది అంకెలు

| | జీటీఎక్స్ 1060 (6 జీబీ) | ఆర్‌ఎక్స్ 480 (8 జీబీ) |
|---|---|---|
| చిప్ | జీపీ106, పాస్కల్ | పొలారిస్ 10 |
| చిప్ వైశాల్యం | 200 చదరపు మి.మీ. | 232 చదరపు మి.మీ. |
| షేడర్లు | 1280 | 2304 |
| బూస్ట్ వేగం | 1708 మెగాహెర్ట్జ్ | 1266 మెగాహెర్ట్జ్ |
| మెమరీ బస్సు | 192 బిట్లు | 256 బిట్లు |
| మెమరీ వేగం | సెకనుకి 192 జీబీ | సెకనుకి 256 జీబీ |
| ప్రకటించిన విద్యుత్తు | 120 వాట్లు | 150 వాట్లు |
| అమెరికా ప్రకటిత ధర | 249 డాలర్లు | 239 డాలర్లు |

పట్టిక మాత్రమే చూసినవాళ్లు ఆర్‌ఎక్స్ 480 సునాయాసంగా గెలుస్తుందనుకుంటారు. షేడర్లని వేగంతో గుణిస్తే దాని లెక్కల సామర్థ్యం 5.8 టెరాఫ్లాప్స్, 1060ది 4.4. అంటే మూడో వంతు ఎక్కువ. మెమరీ వేగంలోనూ సరిగ్గా అంతే తేడా. అయినా ఆటల్లో ఆ తేడా కనపడలేదు. మొదటి పరీక్షల్లో 1060యే కాస్త ముందుంది.

దీనికి కారణాలు చాలావరకు తెలిసినవే. మొదటిది, బూస్ట్ అంకెకి రెండు కంపెనీలు ఇచ్చే అర్థం వేరు. 1060 కార్డులు చల్లగా ఉన్నంతసేపు 1708ని దాటి 1900 మెగాహెర్ట్జ్ చుట్టుపక్కల తిరిగేవి. ఏఎండీ సొంత డిజైన్ కార్డుకి 1266 గరిష్ఠ పరిమితి. వేడి, విద్యుత్తు హద్దులు తగిలితే అంతకన్నా తగ్గేది. 1900, 1200 అంకెలతో మళ్లీ లెక్కేస్తే 4.9, 5.5 టెరాఫ్లాప్స్ వస్తాయి. మూడో వంతు తేడా ఏడో వంతుకి కుదించుకుపోతుంది.

రెండోది చిప్ లోపలి సంగతి. ఏఎండీ జీసీఎన్ నిర్మాణం 64 దారాలని ఒక కట్టగా తీసుకుని, 16 వెడల్పున్న యూనిట్ మీద నాలుగు విడతల్లో నడుపుతుంది. షేడర్లన్నీ తీరిక లేకుండా ఉండాలంటే ఒకేసారి చాలా పని లైన్లో ఉండాలి. పాత పద్ధతిలో రాసిన ఆటలు అంత పని అందించవు కాబట్టి కొన్ని షేడర్లు ఖాళీగా కూర్చుంటాయి. ఎన్విడియా చిప్‌లో షేడర్లు తక్కువే గానీ వాటిని నింపడం తేలిక. బొమ్మని చిన్న చిన్న పలకలుగా విడగొట్టి, ఒక్కో పలక పనిని వీలైనంత వరకు చిప్ లోపలి క్యాష్‌లోనే ముగించే పద్ధతి పాస్కల్‌కి ముందుతరమైన మాక్స్‌వెల్ కాలం నుంచి ఎన్విడియా కార్డుల్లో ఉందని 2016 ఆగస్టులో డేవిడ్ కాంటర్ చిన్న పరీక్ష ప్రోగ్రాముతో చూపించాడు. 192 బిట్ల బస్సుతో 1060 నెట్టుకురావడం వెనక ఇదొక పెద్ద కారణం.

వెరసి, టెరాఫ్లాప్స్‌తో వేర్వేరు కంపెనీల కార్డులని పోల్చడం వ్యర్థం. ఒకే కుటుంబం కార్డుల మధ్య మాత్రమే ఆ అంకెకి ఏమన్నా అర్థం ఉంటుంది.

మొదటి నెల: విద్యుత్తు గొడవ, డూమ్ ప్యాచ్

ఆర్‌ఎక్స్ 480 వచ్చీ రాగానే ఒక చిక్కు బయటపడింది. ఏఎండీ సొంత డిజైన్ కార్డుకి ఒకే ఒక ఆరు పిన్నుల విద్యుత్ కనెక్టర్ ఉండేది. నిబంధనల ప్రకారం అది 75 వాట్లు, మదర్‌బోర్డు స్లాటు మరో 75 వాట్లు ఇవ్వాలి. కార్డు ఆ 150 వాట్లని దాటడమే కాకుండా, అదనపు భారాన్ని స్లాటు మీద కూడా వేస్తోందని కొలతల్లో తేలింది. కేబుల్ మీద కొంచెం ఎక్కువ లాగితే సాధారణంగా ఏమీ కాదు. చవక మదర్‌బోర్డు స్లాటు మీద లాగితే అదే భయం. జూలై 7న వచ్చిన 16.7.1 డ్రైవర్‌తో ఏఎండీ ఆ భారంలో కొంత కేబుల్ వైపు మళ్లించి, మొత్తం వాడకాన్ని తగ్గించే మీటని కూడా చేర్చింది. సమస్య వారంలోనే సద్దుమణిగినా ‘ఏఎండీ అంటే వేడి, కరెంటు’ అన్న ముద్ర మాత్రం చెరగలేదు. తర్వాత భాగస్వామి కంపెనీలు పెద్ద కూలర్లు, ఎనిమిది పిన్నుల కనెక్టర్లతో చేసిన కార్డులకి ఈ ఇబ్బంది లేదు. అయినా చర్చల్లో ఈ మాట ఏళ్లపాటు తిరిగింది.

రెండో సంఘటన ఏఎండీకి కలిసొచ్చింది. డూమ్ ఆట మొదట ఓపెన్‌జీఎల్ మీద నడిచేది. జూలై 11న దానికి వల్కన్ ప్యాచ్ వచ్చింది. 1060 అమ్మకానికి రావడానికి అది సరిగ్గా ఎనిమిది రోజుల ముందు. ఓపెన్‌జీఎల్‌లో వెనకబడిన ఆర్‌ఎక్స్ 480 వల్కన్‌లో 1060ని స్పష్టంగా దాటింది. ఏఎండీ చిప్ అసలు సత్తా ఇదేనని ఒక వర్గం అంది.

ఈ ఫలితాన్ని విడదీసి చూడాలి, ఎందుకంటే తర్వాతి వాదనలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది. ఆ ఎగబాకుడులో మూడు పాళ్లు కలిసి ఉన్నాయి. ఏఎండీ ఓపెన్‌జీఎల్ డ్రైవర్ బలహీనం, దాన్ని వదిలించుకోవడమే ఒక లాభం. ఖాళీగా కూర్చున్న షేడర్లకి పక్క పని అప్పగించే ఎసింక్ కంప్యూట్ రెండోది. ఏఎండీ చిప్ ఆదేశాలని నేరుగా వాడుకునేలా షేడర్లని రాయడం మూడోది. మొదటిది పాత లోపం తీరడమే, దాన్ని భవిష్యత్తుకి సూచనగా తీసుకోలేం. రెండోది కొంతవరకు తీసుకోవచ్చు. మూడోది ఆట తయారీదారు ఓపికని బట్టి ఉంటుంది. వాదించినవాళ్లలో ఎక్కువమంది మూడింటినీ ఒకే గంపలో వేశారు.

అదే సమయంలో జీటీఏ 5, విచర్ 3 వంటి డైరెక్ట్‌ఎక్స్ 11 ఆటల్లో 1060 ముందుంది. హిట్‌మ్యాన్, యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ వంటి డైరెక్ట్‌ఎక్స్ 12 ఆటల్లో ఆర్‌ఎక్స్ 480 పుంజుకుంది. సమీక్షకుడు ఏ ఆటలు ఎన్ని తీసుకున్నాడన్న దాన్ని బట్టి సగటు అటో ఇటో మొగ్గేది.

కొలిచే తీరు మీద తగువు

గ్రాఫిక్స్ కార్డుని ఎలా కొలవాలన్న ప్రశ్న ఈ రెండింటికన్నా పాతది. 2011 సెప్టెంబరులో టెక్ రిపోర్ట్ పత్రికలో స్కాట్ వాసన్ రాసిన వ్యాసం దీనికి మలుపు. సెకనుకి 60 ఫ్రేమ్‌లు అన్న సగటు వెనక ఒక ఫ్రేమ్ 8 మిల్లీసెకన్లలో, పక్కది 40 మిల్లీసెకన్లలో వచ్చి ఉండొచ్చని, ఆడేవాడి కంటికి తగిలేది ఆ రెండోదేనని అతను చూపించాడు. ఆ తర్వాత ఫ్రేమ్ టైమ్ గ్రాఫులు, అన్నిటికన్నా నెమ్మదైన ఒక శాతం ఫ్రేమ్‌ల లెక్క సమీక్షల్లో మామూలయ్యాయి. 2016 నాటికి ఈ పద్ధతి స్థిరపడింది కాబట్టి, 1060, 480ల మీద ఉన్న సమాచారం అంతకు ముందు ఏ జంట మీద ఉన్నదానికన్నా నాణ్యమైనది. అయినా ఏకాభిప్రాయం రాలేదు.

చిక్కు ప్రాసెసర్ దగ్గర వచ్చింది. కార్డు బలాన్ని మాత్రమే కొలవాలని సమీక్షకులు అత్యంత వేగవంతమైన ప్రాసెసర్ వాడతారు. పద్ధతిగా అది సరైనదే. కానీ 250 డాలర్ల కార్డు కొనేవాడి దగ్గర ఉండేది కోర్ ఐ3 లేదా పాత ఎఫ్‌ఎక్స్ ప్రాసెసర్. డైరెక్ట్‌ఎక్స్ 11లో ఏఎండీ డ్రైవర్ పని చాలావరకు ఒకే థ్రెడ్ మీద పడేది. ఎన్విడియా డ్రైవర్ దాన్ని వేర్వేరు కోర్లకి పంచగలిగేది. అందువల్ల సమీక్షల్లో సమంగా కనపడిన రెండు కార్డులు బలహీనమైన ప్రాసెసర్ ఉన్న ఇంట్లో సమంగా ఉండేవి కావు. ఆర్‌ఎక్స్ 480 వెనకబడేది.

డైరెక్ట్‌ఎక్స్ 12కి వచ్చేసరికి కథ తిరగబడింది. ఆ ఆటల్లో నెమ్మది ప్రాసెసర్లతో ఎన్విడియా కార్డులే ఎక్కువ నష్టపోతున్నాయని 2021లో హార్డ్‌వేర్ అన్‌బాక్స్‌డ్ పరీక్షలు చూపించాయి. అవి ప్రధానంగా తర్వాతి తరం కార్డుల మీద చేసినవి. అయినా ‘పాత ప్రాసెసర్ ఉంటే ఎన్విడియానే’ అన్న సలహాకి కాలం చెల్లిందని అర్థమైంది. 2016లో అదే సలహా సరైనది.

పాతబడే కొద్దీ మెరుగవుతుందా

చర్చలో అతి పెద్ద భాగం ఇదే. ఏఎండీ కార్డులు ఏళ్లు గడిచే కొద్దీ బలపడతాయన్న నమ్మకానికి అభిమానులు ‘ఫైన్ వైన్’ అని పేరు పెట్టారు. ఈ విషయంలో వాదనలు మూడు పాయలుగా చీలాయి.

మొదటి పాయ వారిది డ్రైవర్ వాదం. ఏఎండీ డ్రైవర్లు విడుదల నాటికి పచ్చిగా ఉంటాయి, పండటానికి ఏడాది రెండేళ్లు పడుతుందని వీరు అంటారు. ఇది పొగడ్తా తెగడ్తా అని ఎదుటివారు ఎత్తిపొడుస్తారు. కొన్న రోజున ఇవ్వాల్సిన వేగాన్ని రెండేళ్లు ఆలస్యంగా ఇస్తే మెచ్చుకోవాల్సిందేముందన్నది వారి ప్రశ్న.

రెండో పాయ కన్సోల్ వాదం. 2013లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఏఎండీ జీసీఎన్ గ్రాఫిక్సే ఉంది. పెద్ద ఆటల ఇంజన్లు ముందు ఆ యంత్రాల మీద పదునెక్కుతాయి. ఎసింక్ కంప్యూట్ వంటి మెళకువలు అక్కడ అలవాటై, తర్వాత పీసీకి వస్తాయి. కాబట్టి మార్పు కార్డులో కాక ఆటల్లో వచ్చిందంటారు. మూడో పాయ వారు దోషాన్ని ఎదుటి వైపు వెతుకుతారు. కొత్త కార్డులు అమ్ముకోవడానికి ఎన్విడియా పాతవాటిని పట్టించుకోదని వారి ఆరోపణ. 2015 మేలో విచర్ 3 వచ్చినప్పుడు ఎన్విడియా పాత తరం కెప్లర్ కార్డుల యజమానులు గోల చేస్తే గానీ సరిదిద్దిన డ్రైవర్ రాలేదన్నది వారు చూపే ఉదాహరణ.

ఈ మూడింటిలో రెండోదానికే ఆధారాలు బలంగా ఉన్నాయి. ఒకే ఆటని, ఒకే కార్డు మీద, పాత కొత్త డ్రైవర్లతో నడిపిన పరీక్షల్లో లాభం కొన్ని ఆటల్లో మినహా కొద్దిపాటిదే. సగటు మారిందంటే ఎక్కువగా పరీక్షల జాబితాలోంచి పాత డైరెక్ట్‌ఎక్స్ 11 ఆటలు జారిపోయి కొత్తవి చేరడం వల్ల. 2019 నవంబరులో పీసీకి వచ్చిన రెడ్ డెడ్ రిడంప్షన్ 2లో పొలారిస్ కార్డులు 1060ని బాగా వెనక్కి నెట్టాయి. అది కన్సోల్ కోసం పుట్టి, వల్కన్‌తో పీసీకి వచ్చిన ఆట కావడం యాదృచ్ఛికం కాదు. ఇక ఎన్విడియా నిర్లక్ష్యం మాట పాస్కల్ విషయంలో నిలబడదు. 1060 నెమ్మదించిందనడానికి రుజువు లేదు, పోటీ కార్డు కొత్త ఆటల్లో ముందుకి వెళ్లిందంతే.

మెమరీ సంగతి దీనికి అనుబంధం. 2016లో 8 గిగాబైట్లు అక్కర్లేదన్నవాళ్లు తప్పు చెప్పలేదు, అప్పటి ఆటలకి 6 చాలు. నాలుగైదేళ్ల తర్వాత టెక్స్చర్ల నాణ్యత గరిష్ఠంగా పెట్టినప్పుడు మాత్రం 8 ఉన్న కార్డుకి ఊపిరి ఆడింది. టెక్స్చర్లకి మెమరీ కావాలి గానీ షేడర్ల మీద పెద్ద భారం ఉండదు. పాత కార్డుకి చౌకగా దొరికే అందం అదొక్కటే.

ఏ రోజు ధర

ప్రకటిత ధరల్లో 6 జీబీ 1060కి, 8 జీబీ ఆర్‌ఎక్స్ 480కి మధ్య తేడా 10 డాలర్లు, అంటే 4 శాతం. పరీక్షకీ పరీక్షకీ ఫలితాలు అంతకన్నా ఎక్కువే ఊగేవి. ఈ జంటలో ‘ఒక్కో ఫ్రేమ్‌కి ఎంత ఖర్చు’ అని దశాంశాలతో పట్టికలు వేసినవారు లేని కచ్చితత్వాన్ని చూపించారు. నిజమైన ధర తేడా 4 జీబీ ఆర్‌ఎక్స్ 480 దగ్గర ఉంది. అదే చిప్, అవే 2304 షేడర్లు, ధర 1060 కన్నా 20 శాతం తక్కువ. తొలి రోజు గిట్టుబాటు మాత్రమే చూస్తే గెలిచింది అదే. కానీ మెమరీ కారణంగా తొందరగా ముసలిదైపోయిందీ అదే.

ఈ లెక్కలన్నీ 2017 మధ్యలో గాలికి కొట్టుకుపోయాయి. ఎథీరియం మైనింగ్‌కి మెమరీ వేగం ముఖ్యం. 256 బిట్ల బస్సున్న పొలారిస్ కార్డులు సెకనుకి 30 మెగాహాష్‌ల వరకు ఇచ్చేవి, 1060 ఇరవై పైచిలుకు. దాంతో ఆర్‌ఎక్స్ 480 స్థానంలోకి 2017 ఏప్రిల్‌లో వచ్చిన ఆర్‌ఎక్స్ 580 ప్రకటిత ధర 229 డాలర్లు కొద్ది వారాలకే పేరుకి మాత్రం మిగిలింది. దొరికితే గదా ధర గురించి మాట్లాడటానికి. ఆట కోసం కొనేవాడు ఇష్టం ఉన్నా లేకపోయినా 1060 వైపు వెళ్లాడు. 2018 మొదట్లో అదీ కొండెక్కింది. స్టీమ్ వినియోగదారుల సర్వేలో 1060 ఏళ్లపాటు మొదటి స్థానంలో ఉండి, 2022 నవంబరు సర్వేలో గానీ జీటీఎక్స్ 1650కి ఆ చోటు వదల్లేదు. ఆ ఆదరణలో కొంత భాగం మైనర్ల పుణ్యమే.

మైనింగ్ కుప్పకూలాక తక్కెడ మళ్లీ మొగ్గు మార్చుకుంది. 2019 నాటికి 8 జీబీ ఆర్‌ఎక్స్ 580 అమెరికాలో 200 డాలర్ల కిందికి దిగింది. 1060 స్థానంలోకి 219 డాలర్ల జీటీఎక్స్ 1660 వచ్చింది. 2016లో పోటాపోటీగా ఉన్న ఎంపిక 2019లో ఏకపక్షమైంది.

భారతదేశంలో ఈ చిత్రానికి ఇంకో పొర ఉంది. 2016 మధ్యలో డాలరు 67 రూపాయల దగ్గర ఉంది. 249 డాలర్లంటే నేరుగా లెక్కిస్తే 16,700 రూపాయలు. పన్నులు, దిగుమతి, పంపిణీదారు వాటా కలిసి ఆ ధరకి ఇక్కడ అప్పట్లో దొరకలేదు. అమెరికా సమీక్షలో 10 డాలర్లు తక్కువైన కార్డు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వేలల్లో ఎక్కువ పలికితే ఆ సమీక్ష తీర్పు ఇక్కడ చెల్లదు.

కరెంటు ఖర్చుని మాత్రం రెండు పక్షాలూ అతిగా చెప్పాయి. ఆటలో ఆర్‌ఎక్స్ 480, 1060ల మధ్య తేడా సుమారు 50 వాట్లు. రోజుకి మూడు గంటలు ఆడితే ఏడాదికి 55 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే 440 రూపాయలు. ఆర్‌ఎక్స్ 580తో తేడా 80 వాట్లు అనుకున్నా ఏడాదికి 700. అసలు ఖర్చు వేరే చోట తగులుతుంది. 120 వాట్ల 1060ని చాలామంది పాత ఎస్‌ఎంపీఎస్ మీదే నడిపారు. 185 వాట్ల ఆర్‌ఎక్స్ 580కి ఎనిమిది పిన్నుల కేబుల్ కావాలి, అది లేని చవక ఎస్‌ఎంపీఎస్‌ని మార్చక తప్పదు. పోలికల పట్టికల్లో ఈ ఖర్చు కనపడదు.

మానిటర్ లెక్క దీనికి ఎదురు. తెర రిఫ్రెష్ వేగాన్ని కార్డుతో కలిపి నడిపే ఫ్రీసింక్ మానిటర్లు చవక. ఎన్విడియా జీ-సింక్ మానిటర్లకి ప్రత్యేక మాడ్యూల్ కావాలి కాబట్టి ప్రియం. 2016లో కార్డు, మానిటర్ కలిపి కొనేవాడికి ఏఎండీ వైపు నిజమైన ఆదా ఉంది. 2019 జనవరి డ్రైవర్‌తో పాస్కల్ కార్డులు కూడా ఫ్రీసింక్ మానిటర్లతో పనిచేయడం మొదలయ్యాక ఆ వాదన చప్పబడింది.

ఒకే పేరు, వేర్వేరు సరుకు

పోలికని మరింత గందరగోళం చేసినవి కంపెనీలే. 3 జీబీ 1060లో మెమరీ మాత్రమే తక్కువ కాదు, షేడర్లు కూడా 1280 నుంచి 1152కి తగ్గాయి. వేరే పేరు పెట్టాల్సిన కార్డుకి అదే పేరు పెట్టారు. చైనా ఇంటర్నెట్ కేఫ్‌ల కోసం 5 జీబీది, వేగవంతమైన మెమరీతో ఒకటి, 2018లో జీడీడీఆర్5ఎక్స్‌తో ఇంకొకటి వచ్చాయి. ఏఎండీ కూడా తక్కువ తినలేదు. చైనా కోసం 2018లో తెచ్చిన ‘ఆర్‌ఎక్స్ 580 2048ఎస్‌పీ’ నిజానికి ఆర్‌ఎక్స్ 570 స్థాయి చిప్. పేరులోని ఆ చివరి తోక ప్రకటనల్లో తరచూ ఎగిరిపోతుంది. ఆ కార్డులు భారత్ బజారులోకీ వచ్చాయి. జీపీయూ-జెడ్ తెరిచి షేడర్ల గడిలో 2304 ఉందో 2048 ఉందో చూస్తే గానీ తెలియదు. మైనింగ్ నుంచి వచ్చిన కార్డుల్లో మెమరీ టైమింగ్‌లు మార్చిన బయోస్ ఉండే అవకాశమూ ఉంది. దానితో ఆటలు మధ్యలో ఆగిపోతే కొన్నవాళ్లు చిప్‌ని తిట్టుకుంటారు.

ఆటకి అవతల

ఆట ఆడుతూ రికార్డు చేసేవారికి 1060 మేలు. పొలారిస్ వీడియో ఎన్‌కోడర్ హెచ్.264లో బీ-ఫ్రేమ్‌లు వాడలేదు, అదే బిట్‌రేటులో బొమ్మ కొంచెం మసకగా వచ్చేది. బ్లెండర్ 2021 డిసెంబరులో వచ్చిన 3.0లో ఓపెన్‌సీఎల్‌ని తీసేయడంతో పొలారిస్ కార్డుల మీద రెండరింగ్ పోయింది, ఎన్విడియా క్యుడా (CUDA) ఉన్న 1060 మీద సాగింది. లినక్స్‌లో మాత్రం పరిస్థితి పూర్తిగా ఏఎండీ పక్షం. దాని డ్రైవర్ ఓపెన్ సోర్సు, కెర్నెల్‌లోనే ఉంటుంది. పాస్కల్‌కి ఉన్న ఓపెన్ సోర్సు డ్రైవర్ నూవో చిప్ వేగాన్ని పెంచలేదు, ఎందుకంటే దానికి కావలసిన సంతకం చేసిన ఫర్మ్‌వేర్‌ని ఎన్విడియా ఇవ్వలేదు.

మద్దతు ముగింపు, మిగిలిన ప్రశ్నలు

పొలారిస్ డ్రైవర్లని ఏఎండీ 2023లో ప్రధాన శాఖ నుంచి విడదీసి, అత్యవసర సవరణలకే పరిమితం చేసింది. పాస్కల్‌కి ఎన్విడియా చివరి గేమ్ రెడీ డ్రైవర్ గడువు 2025 అక్టోబరు. భద్రతా సవరణలు 2028 అక్టోబరు వరకు ఇస్తామంది. ఓపికగా నిలిచేది ఏఎండీ కార్డే అన్న పాత వాదనకి ఇది ఎదురుదెబ్బ. అధికారిక మద్దతులో దాదాపు రెండేళ్లు ఎక్కువ బతికింది 1060. మరోవైపు 2021 జూన్‌లో ఏఎండీ తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ అప్‌స్కేలింగ్ 1060 మీద కూడా పనిచేసింది. ఎన్విడియా సొంత డీఎల్‌ఎస్‌ఎస్ మాత్రం ఆర్‌టీఎక్స్ కార్డులకే పరిమితమైంది. ఎన్విడియా పాత కార్డుకి ఆయుష్షు పోసింది పోటీదారే కావడం ఈ చరిత్రలో సరదా అయిన మలుపు.

కొత్త ఆటల గడపని మాత్రం రెండూ కలిసే దాటలేకపోయాయి. 2023 అక్టోబరులో వచ్చిన ఎలన్ వేక్ 2 మెష్ షేడర్ల మీద ఆధారపడింది. అవి పాస్కల్‌లోనూ లేవు, పొలారిస్‌లోనూ లేవు. 2024 డిసెంబరులో వచ్చిన ఇండియానా జోన్స్ ఆట హార్డ్‌వేర్ రే ట్రేసింగ్ లేకపోతే మొదలే కాదు.

తేలని సంగతులు కొన్ని ఉన్నాయి. తర్వాతి ఆటల్లో పొలారిస్ సాధించిన లాభంలో 8 జీబీ మెమరీ వాటా ఎంత, చిప్ వాటా ఎంత అన్నది ఒకటి. 4 జీబీ, 8 జీబీ ఆర్‌ఎక్స్ 480లని పక్కపక్కన పెట్టి చాలా ఆటల్లో కొలిస్తే కొంత విడదీయొచ్చు. అయితే వాటి మెమరీ వేగాలు కూడా సమానం కానవసరం లేదు కాబట్టి ఆ పోలికకీ మచ్చ ఉంది. డైరెక్ట్‌ఎక్స్ 12లో ఎన్విడియా డ్రైవర్ ప్రాసెసర్ మీద వేసే భారానికి కారణం చిప్‌లోని షెడ్యూలింగ్ పద్ధతా, డ్రైవర్ రాసిన తీరా అన్నది రెండోది. ఎన్విడియా డ్రైవర్ లోపలి సంగతులు బయటివాళ్లకి కనపడనంత కాలం ఆ ప్రశ్నకి ఊహలే జవాబు. మూడోది మన్నిక. ఏళ్లపాటు మైనింగ్‌లో నడిచిన కార్డు, ఆటల్లో వేడెక్కి చల్లారుతూ వచ్చిన కార్డు కన్నా తొందరగా చెడిపోతుందా? స్థిరమైన వేడి సోల్డర్‌కి మేలని ఒకరు, ఫ్యాన్లూ మెమరీ చిప్‌లూ అరిగిపోతాయని మరొకరు అంటారు. సెకండ్ హ్యాండ్ బజారులో ఆర్‌ఎక్స్ 580కి, 1060కి పలికే ధరల తేడాలో ఈ అనుమానానికీ ఒక వాటా ఉంది.